మీటరు వెనక గౌళమ్మ

ఈ కథ నాకు మొదట చెప్పింది గాజుల మస్తానమ్మ. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగిన మనిషి. ఏ ఇంట్లో ఏం జరిగిందో ఆమెకు తెలియనిది లేదు. ఆమె చెప్పినట్టే చెబుతున్నాను. మధ్యలో కొందరు తెలివిగలవాళ్లు కలిపిన మాటలు రాళ్లు ఏరినట్టు ఏరి పారేశాను. వాళ్లెవరో వాళ్లకు తెలుసు.

అనగనగా ఒక ఊరు. అనగనగా అంటే మరీ రాజుల నాటి మాట కాదు పిల్లలూ. ఇళ్ల కప్పుల మీద ఎండతో కరెంటు పుట్టించే పలకలు పరిచి, సూర్యభగవానుణ్ణి ఇంటిపనికి పిలుచుకున్న కాలం. అప్పటికింకా జంతువులు మాట్లాడుతూనే ఉన్నాయి. వినేవాళ్లే తగ్గారు.

ఆ ఊళ్లో నరసింగ శెట్టి అని ఒక పప్పుల వర్తకుడు. అతని భార్య నాంచారమ్మ. వాళ్లింటి వసారాలో కరెంటు మీటరు. మీటరు చెక్కకీ గోడకీ మధ్య వేలెడు సందు. ఆ సందులో ఒక బల్లి కాపురం. పేరు గౌళమ్మ.

గౌళమ్మ అంటే సామాన్యురాలు కాదు. ఎవరైనా నిజం పలికితేనే టిక్ టిక్ అనేది. అబద్ధానికి ఆమె వంశంలో ఎవరూ నోరు కదపలేదు. గోడ మీంచి ఆ చప్పుడు వినబడితే చాలు, నాంచారమ్మ వేలితో గడప మీద తట్టి, "సత్యం" అనేది.

ఆ ఏడు గౌళమ్మ మీటరు వెనక రెండు గుడ్లు పెట్టింది. తెల్లగా, బఠాణీ గింజలంత. అవి చెక్కకు అంటుకుపోయాయి. ఊడదీస్తే చిట్లిపోతాయి. అందుకని ఆమె ఆ చోటు వదిలి పోలేదు. అలాగని ఒక్కచోట నిలవనూ లేదు. గుడ్ల దగ్గరికి, సందు చివరికి, మళ్లీ గుడ్ల దగ్గరికి. పొద్దస్తమానం ఇదే పని.

ఇంటాయనకీ అదే తిరుగుడు. పలకలు పరిచిననాడు శెట్టి ఊరంతా చాటాడు, "ఇకనుంచి నా కరెంటు సూర్యుడిదే" అని. నెల తిరిగి కరెంటు కాగితం వచ్చింది. తగ్గాల్సినంత తగ్గలేదు. మరో నెల. అంతే. శెట్టికి అన్నం సయించలేదు. కంచం ముందు కూర్చునేవాడు, లేచి వచ్చి మీటరు చూసేవాడు. చెయ్యి కడుక్కునేవాడు, మళ్లీ వచ్చి చూసేవాడు. చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది? మీటరు మీద అంకెలు పెరుగుతున్నాయని తెలిసేది. అంతవరకే.

ఆ ఇంటికి ఒక పట్టింపు ఉంది. పనంతా పొద్దు పొడవకముందే అయిపోవాలి. రుబ్బు, నీళ్ల మోటారు, ఇస్త్రీ, అన్నీ కోడికూతతోనే. "సూర్యుడు తొంగిచూసేసరికి ఇల్లాలి చెయ్యి ఆరి ఉండాలి" అని నాంచారమ్మకు అత్తగారు నేర్పిన మాట. పొద్దెక్కాక ఆ ఇంట్లో ఫ్యాను కూడా తిరగదు. విసనకర్రలే.

ఒక మిట్టమధ్యాహ్నం శెట్టి మీటరు ముందు నిలబడ్డాడు. దాని మీది ఎర్రదీపం టపటపా కొట్టుకుంటోంది.

"ఏమే నాంచారూ! లోపల ఏమన్నా వేశావా?"

"ఏం వేస్తానండీ? ఫ్యాను కూడా వద్దంటిరి. చెమటలో ఈదుతున్నాను."

"మరి ఇదెందుకిలా పరిగెడుతోంది?"

"నన్నెందుకు అడుగుతారు, దాన్నే అడగండి."

పిట్టగోడ మీద ఒక కాకి. అది ఆ మాట కోసమే కాచుకుని ఉంది.

"శెట్టిగారూ, చెప్పకూడదు గాని, నేను కప్పు మీద తిరిగేవాణ్ణి, నాకన్నీ కనబడతాయి. మీటరు వెనక ఎవరు కాపురముంటున్నారు? ఆ బల్లి ఎలా బలిసిందో చూశారా? అంతా మీ కరెంటు తాగే!"

గౌళమ్మకు ఒళ్లు మండింది. "ఏం కాకన్నా, దోమల్ని తిని బతికేదాన్ని నేను. ఇల్లిల్లూ తిరిగి ఎంగిలి ఏరుకునేది నువ్వు. నువ్వా నన్ను దొంగ అనేది?"

కాని శెట్టి చెవిన దొంగ అన్న మాటే పడింది. "కుంపట్లో ఎండుమిరపకాయలు వేసి, ఆ సందులో పొగ పెడతాను! అప్పుడెక్కడికి పోతుందో చూస్తాను!" అన్నాడు.

గౌళమ్మ పారిపోగలదు. గుడ్లు పారిపోలేవు.

సందులోంచి బయటికొచ్చి గోడ మధ్యన నిలబడింది. "శెట్టీ! మీ పెళ్లిమాటలప్పుడు ఈ గోడ మీదే మా అమ్మ సత్యం పలికింది. అది వినే కదా తాంబూలాలు పుచ్చుకున్నారు?"

"ఆ ఫలితం ఇప్పటిదాకా అనుభవిస్తూనే ఉన్నాను."

"అనుభవించేది ఎవరో ఆ దేవుడికి తెలుసు" అంది నాంచారమ్మ లోపల్నుంచి.

టిక్ టిక్ అంది గౌళమ్మ. ఏం చేస్తుంది, నిజం వినబడితే ఆగలేదు.

శెట్టికి నవ్వు రాబోయి ఆగింది. "సరే, ఏమంటావు?"

"మూడు మధ్యాహ్నాలు గడువివ్వండి. దొంగను పట్టిస్తాను. పట్టించలేకపోతే పొగ పెట్టుకోండి."

"మూడో మధ్యాహ్నానికి కుంపటి సిద్ధంగా ఉంటుంది" అన్నాడు శెట్టి.

మొదటి మధ్యాహ్నం వచ్చింది. ఎర్రదీపం మళ్లీ కొట్టుకుంటోంది.

"పలకల నుంచి దిగే తీగకు ఒక మీట ఉంది కదా, దాన్ని దించండి" అంది గౌళమ్మ.

శెట్టి దించాడు. ఎర్రదీపం టక్కున ఆగింది. ఎత్తాడు. కాసేపటికి మళ్లీ మొదలైంది.

"చూశారా? నేనే తాగేదాన్నయితే వీధి కరెంటు తాగనా? మీట దించగానే నా దాహం తీరిపోయిందా?"

శెట్టి తల గోక్కున్నాడు.

"మీటరంటే ఏమనుకున్నారు? గుమ్మం దగ్గర కాపలావాడు. లోపలికొచ్చేవాళ్లనీ లెక్కపెడతాడు, బయటికి పోయేవాళ్లనీ లెక్కపెడతాడు. ఇద్దరికీ అదే ఎర్రకన్ను ఆర్పుతాడు. ఆ ముఖం మీద చిన్న బాణం ఉంది, ఎటు చూపిస్తోందో చూడండి."

శెట్టి కళ్లద్దాలు తెచ్చుకున్నాడు. బాణం బయటికి చూపిస్తోంది. కింద రెండు అంకెలు, ఒకదాని తర్వాత ఒకటి మారి మారి కనబడుతున్నాయి. ఒకటి వీధి నుంచి వచ్చింది. రెండోది వీధికి పోయింది. ఇన్నాళ్లూ శెట్టి రెండూ వచ్చినవే అనుకుని, రెండూ కలిపి గుండెలు బాదుకున్నాడు.

"అంటే నా కరెంటు వీధి పాలవుతోందా!" అన్నాడు. ఒక దిగులు పోయి ఇంకో దిగులు పట్టుకుంది.

"ఊరికే ఎలా పోతుంది శెట్టిగారూ? లోపల్నుంచి ఎవరో నెట్టాలి" అంది కాకి పిట్టగోడ మీంచి. "వెనక ఉండేది ఎవరు?"

శెట్టి సగం నమ్మాడు. సగం నమ్మినవాడితో పెద్ద కష్టం. నమ్మనివాణ్ణి ఒప్పించవచ్చు.

రెండో మధ్యాహ్నం గౌళమ్మ మనసు నిలవలేదు. పలకలు ఇవ్వాల్సింది ఇస్తున్నాయా? చూస్తే గాని తెలియదు. చూడాలంటే గుడ్లను వదలాలి. నాలుగుసార్లు సందు చివరికి వచ్చి, నాలుగుసార్లు వెనక్కి పోయింది. చివరికి కళ్లు మూసుకుని గోడెక్కింది.

డాబా పెనంలా కాలుతోంది. ఒక కాలు ఎత్తితే ఇంకో కాలు మాడుతోంది. పలకల మీదికి ఎక్కి చూసి నివ్వెరపోయింది. అటు పలకల మీద వేలితో పేరు రాసేంత దుమ్ము. దుమ్ము మీద కాకి రెట్టలు. ఇటు రెండు పలకలకు అడ్డంగా ఒక పాత పంచె, జారకుండా అంచున ఇటుకలు. పంచె నిండా గుమ్మడి వడియాలు! పక్కనే కాకి తీరుబడిగా కూర్చుని తింటోంది.

"రా చెల్లీ, భోంచేద్దువు గాని" అంది కాకి. "ఎండ బాగా తగిలే చోటు ఇదేనని ఇల్లాలికి చూపించింది నేనే. ఈ పొయ్యి మీద వేసినవి భలే కరకరలాడుతున్నాయి."

"దొంగవి నువ్వయితే నన్నెందుకు ఇరికించావు?"

కాకి తల పక్కకు వంచింది. "నువ్వు పోతే ఆ మీటరు వెనక ఇంకో రెండు వడియాలున్నాయి కదా. తెల్లవి."

గౌళమ్మ ఎలా దిగిందో ఆమెకే తెలియదు. అరికాళ్లు బొబ్బలెక్కాయి. గుడ్లు ఉన్నాయి. రెండూ ఉన్నాయి. వాటిని పొదువుకుని ఊపిరి పీల్చుకుని, అప్పుడు కేక పెట్టి కప్పు మీది దుమ్మూ వడియాల సంగతీ చెప్పింది.

నాంచారమ్మ మొహం చిన్నబోయింది. "వేడిగా ఉంటాయి, నున్నగా ఉంటాయి. వడియాలకి అంతకన్నా మంచి చోటు ఎక్కడుంది?"

"సూర్యుడు దిగే మెట్ల మీద అంగడి పెట్టావమ్మా. చెయ్యంత నీడ పడితే ఆ పలకొక్కటే కాదు, దాని వరసంతా నీరసిస్తుంది."

నాంచారమ్మ వడియాలను నులకమంచం మీదికి మార్చింది. వెంటనే బూడిద, కొబ్బరిపీచు పట్టుకుని కప్పెక్కబోయింది. పట్టుదల గల మనిషి.

"ఆగు తల్లీ! అవి అంట్లగిన్నెలు కావు, గీతలు పడితే మసకబారతాయి. కాలే పలక మీద చన్నీళ్లు కూడా పొయ్యకూడదు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, మంచినీళ్లతో, మెత్తటి గుడ్డతో తుడు."

మర్నాడు పొద్దున్నే అలాగే తుడిచింది. పలకలు అద్దాల్లా మెరిశాయి.

మూడో మధ్యాహ్నం వచ్చింది. శెట్టి మీటరు ముందుకొచ్చాడు. చూశాడు. మొహం జేవురించింది. ఎర్రదీపం మునుపటికి రెట్టింపు వేగంతో కొట్టుకుంటోంది.

"నిన్నటిదాకా కారుతుంటే, ఇవాళ వరదలా పారుతోంది! తేవే కుంపటి!" అని తనే పోయి తెచ్చుకున్నాడు. నిప్పులు కణకణలాడుతున్నాయి. గుప్పెడు మిరపకాయలు చేతిలో ఉన్నాయి.

"వెయ్యండి శెట్టిగారూ, వెయ్యండి" అంది కాకి. అది పిట్టగోడ దిగి వసారా చూరు కిందికి వచ్చేసింది.

గౌళమ్మ సందుకు అడ్డంగా నిలబడింది.

"నాంచారమ్మా! తెల్లారగట్ల చేసే పని ఇప్పుడు చెయ్యి. రుబ్బు వెయ్యి!"

"మిట్టమధ్యాహ్నం రుబ్బా? మా అత్తగారు వింటే…"

"మీ అత్తగారు రోట్లో రుబ్బింది. చేతులు నొప్పెడతాయి కనుక చల్లపూట రుబ్బింది. ఆమెది తెలివి. నీది అలవాటు. నీ గ్రైండరుకు బలం ఇచ్చేవాడు ఇప్పుడు నడినెత్తి మీద ఉన్నాడు. ఆయన రాకముందే పనంతా ముగించి, వచ్చాక ఖాళీగా కూర్చోబెడితే, పాపం ఆయన వీధిలోకి పోక ఏం చేస్తాడు?"

నాంచారమ్మ లోపలికి పోయింది. నానిన మినప్పప్పు గ్రైండర్లో పోసి మీట నొక్కింది.

గర్ గర్ మంది గ్రైండరు. ఎర్రదీపం నెమ్మదించింది.

శెట్టి చెయ్యి కుంపటి మీదే ఆగిపోయింది. "మోటారు వెయ్యవే!" అని అరిచాడు.

మోటారు వేసింది. దీపం ఇంకా నెమ్మదించింది.

"ఇస్త్రీ పెట్టె! ఫ్యాన్లు! అన్నీ వెయ్యి!"

అన్నీ వేసింది. ఎర్రదీపం ఒకసారి కొట్టుకుంది. చాలాసేపటికి ఇంకోసారి. ఆ తర్వాత ఊరుకుంది. వచ్చేవాడూ లేడు, పోయేవాడూ లేడు. కాపలావాడు మోకాళ్ల మీద చేతులు వేసుకుని చతికిలబడ్డట్టుంది.

శెట్టి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. "ఓసి నా తెలివీ! మధ్యాహ్నం పాలన్నీ వీధిలో ధారపోసి, తెల్లవారుజామున ఆ వీధినే మజ్జిగ అడుక్కుంటున్నానన్నమాట."

అందరి కళ్లూ దీపం మీదే ఉన్నాయి. కాకికి అదే కావాలి. ఒక్క విసురున మీటరు వెనక్కి ముక్కు పెట్టింది.

గౌళమ్మ ఎగిరి కాకి ముక్కు మీదే పడింది. కాకి పట్టింది, లాగింది. దాని ముక్కున మిగిలింది గౌళమ్మ తోక ఒక్కటే. ఆ తోక ఇంకా గిలగిలలాడుతోంది. కాకి బిత్తరపోయేలోగా శెట్టి చేతిలోని మిరపకాయలు నిప్పుల్లో పడ్డాయి. కుంపటి ఎత్తి ఊదాడు. ఘాటంతా కాకి గొంతులోకి పోయింది. దగ్గుతూ, ఏడుస్తూ అది ఎగిరిపోయింది. అందుకే నేటికీ కాకి గొంతు బొంగురు.

కొన్నాళ్లు గడిచాయి. ఇప్పుడు ఆ ఇంట్లో రుబ్బుడు చప్పుడు మధ్యాహ్నమే. విసనకర్రలు అటకెక్కాయి. శెట్టి కంచం ముందు కూర్చుంటే తిని లేస్తున్నాడు. గౌళమ్మకు కొత్త తోక మొలుస్తోంది, పాతదానంత అందం లేదు గాని.

ఒకరోజు పక్కింటాయన వచ్చి అడిగాడు. "శెట్టీ, నీ కరెంటు ఎవరో కాజేస్తున్నారని గోల పెట్టావే, దొంగ దొరికాడా?"

శెట్టి తల వంచుకున్నాడు. "దొరికాడు. గోడ మీద వెతికాను. నా ఇంటి అలవాట్లో దొరికాడు."

మీటరు వెనక నుంచి టిక్ టిక్ అని వినబడింది. అది గౌళమ్మ గొంతు కాదు. మరీ చిన్నది, సన్నది. వెంటనే ఇంకోటి, దానికన్నా సన్నంగా.

నాంచారమ్మ వేలితో గడప మీద తట్టి, "సత్యం" అంది.

కథ ఇదీ. ఈ దొంగను పట్టించింది కాకి అని చెప్పుకు తిరిగేవాళ్లు కొందరున్నారు. వాళ్లకు ఆ మాట ఏ కాకి చెప్పిందో నాకు తెలుసు, ఇక్కడ వద్దు. నాకు అక్షరాలు అంతంతమాత్రం. బాగా రాయడం వచ్చినవాళ్లెవరైనా ఆ తప్పు మాట కనబడినచోట కొట్టేసి, గౌళమ్మ అని గుండ్రంగా రాయండి. కింద నీతి కూడా మర్చిపోకుండా రాయండి: ఎండ ఇచ్చేది ఎండలోనే అందుకోవాలి, కాపలావాడి లెక్క చదవకుండా గోడ మీది బల్లిని దొంగ అనకూడదు.