నాంచారమ్మ ఎండబెట్టిన అక్షరాలు

అనగనగా ఒక ఊళ్ళో... ఆగరా ధృవా, దిండు సర్దుకోనీ. లాస్యా, ఆ కాలు అన్నయ్య మీంచి తియ్యి. ఆఁ, అనగనగా ఎండాకాలం వస్తే మనుషులకంటే వడియాలే ఎక్కువ కనబడే ఒక ఊళ్ళో నాంచారమ్మ అని ఒక కోడలుండేది. ఇద్దరు పిల్లలు, ఒక అత్తగారు. ఊ కొట్టండర్రా, లేకపోతే గోడకి చెబుతున్నట్టుంటుంది నాకు.

ఆ ఊరి రాజుకి కోరమీసాలు. ఆయనోసారి ఊరంతా దండోరా వేయించాడు. ఇకమీదట అక్షరమనేది కోటలోనే ఉంటుంది, ఇళ్ళల్లో ఎవరూ పిల్లలకి దిద్దించకూడదు అని. పలక మీద రాయించకూడదు, ఇసకలో రాయించకూడదు, గోడ మీద రాయించకూడదు. రాయిస్తే ఆ తల్లి దగ్గర్నుంచి పిల్లల్ని లాక్కుపోయి కోటలో గుర్రాల దగ్గర పనికి పెడతారట. కన్నతల్లి వేలు పట్టుకుని దిద్దిస్తే వీడి సొమ్మేం పోయింది? మీ బడిలో మేడమ్ కూడా అందిట కదా మీ అమ్మతో, ఇంట్లో నేర్పకండి, మా పద్ధతి పాడైపోతుందని. వినగానే నాకు ఒళ్ళు మండింది. సరే, ఆవిడ సంగతి తర్వాత.

ఊళ్ళో అందరూ పలకలు అటకెక్కించేశారు. నాంచారమ్మ అత్తగారు కూడా, ఊరుకోవే కోడలా, చదువేమన్నా కూడు పెడుతుందా, పిల్లలు కళ్ళముందుంటే అదే పదివేలు అంది. నాంచారమ్మకి మాత్రం భయం లేదా? రాత్రిళ్ళు లేచి పిల్లలు పక్కలో ఉన్నారో లేదో తడిమి చూసుకునేది. కానీ ఎవడేం రాసిచ్చినా తలూపేవాళ్ళలాగా నా పిల్లలు బతకాలా అనుకునేసరికి ఆ భయం కాస్తా కోపమైపోయింది. పలక వద్దన్నాడు, ఇసక వద్దన్నాడు, గోడ వద్దన్నాడు. వడియం వద్దనలేదుగా అనుకుంది.

మర్నాడు పొద్దున్నే బియ్యప్పిండి ఉడికించింది. ఉప్పేసింది, జీలకర్రేసింది. వాకిట్లో నులకమంచం వాల్చింది, మంచం మీద పాత పంచె పరిచింది, చిల్లు పెట్టిన గుడ్డలో పిండి పోసి పిండింది. అందరూ చుట్టలు చుడితే ఈవిడ అ పెట్టింది. పక్కన ఆ పెట్టింది. ఇ పెట్టింది, ఈ పెట్టింది, మంచం నిండా పెట్టింది. మన అక్షరాలు ఎలాగూ గుండ్రంగానే ఉంటాయి, దూరం నుంచి చూస్తే ఎవడికి తెలుస్తుంది?

వడియాలన్నాక కాకులొస్తాయి. కాకులొస్తే కాపలాకి పిల్లలు కావాలి. వీధిలో పిల్లలంతా కర్రలు పట్టుకుని మంచం చుట్టూ చేరారు. "హుష్ కాకీ, అ ముట్టుకోకు! హుష్ కాకీ, ఆ ముట్టుకోకు!" పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పాట. అటు తిరిగే భటులు, పాపం కాకుల్ని తోలుకుంటున్నార్లే అనుకుంటూ పోయేవాళ్ళు. సాయంత్రం నాంచారమ్మ వేయించి పెట్టేది. ఏ అక్షరం చదివితే ఆ వడియం. చదవకపోతే లేదు, అత్తగారికైనా సరే. ఆ ముసలావిడ కొన్నాళ్ళు మూతి ముడుచుకుని, ఆ వాసనకి ఉండబట్టలేక తనూ అ, ఆ అనడం మొదలెట్టింది.

ఊ కొడుతున్నారా, నిద్రపోయారా? ఆఁ.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం పిల్లలకి కునుకు పట్టింది. కాకి వాలింది, అ ఎత్తుకుంది. ఎత్తుకున్న కాకి ఎగిరింది, ఎగిరిన కాకి కోటెక్కింది, కోట మీద ఇంకో కాకి తరిమింది, తరిమితే ముక్కులోంచి వడియం జారింది, జారిన వడియం రాజు ఒళ్ళో పడింది. రాజు దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, ఇదేం పురుగు అన్నాడు. మంత్రికి నోరూరుకోదుగా. మహారాజా, అది అ అనే అక్షరం అన్నాడు.

ఇంకేముంది, ఏ వాకిట్లో వడియాలున్నాయో వెతుక్కుంటూ రాజు భటుల్ని వెంటేసుకుని వచ్చేశాడు. వీధిలో తలుపులన్నీ మూసుకున్నాయి. అత్తగారు పిల్లల్ని కొంగుచాటున దాచుకుంది. ఎవరు పెట్టారివి అన్నాడు రాజు. జంతికల ఆకారం బాబూ అని బొంకెయ్యొచ్చు. నాంచారమ్మ బొంకలేదు. నేనే పెట్టాను, నా పిల్లలకి నేర్పుకోవడానికి పెట్టాను అంది. అయితే వీటిని నా కళ్ళముందే నిప్పుల్లో పడెయ్యి, తర్వాత నీ పిల్లల్ని పట్టుకుపోతాను అన్నాడు. తినేదాన్ని నిప్పుల్లో పడెయ్యడం మా ఇంటా వంటా లేదు, మీకు కావలసింది మంటే కదా అని, ఆవిడ వాకిట్లోనే పొయ్యి రాజేసి నూనె మూకుడు పెట్టింది.

వేలెడంత ఎండు అక్షరం కాగే నూనెలో పడగానే బుస్సున పొంగి అరచెయ్యంత అయింది. మంట మీద పెడితే చచ్చిపోతుందనుకున్నాడు రాజు. రెండింతలై పైకి తేలింది. భటులు గుటకలు మింగుతున్నారు. రాజు చెయ్యి కూడా దానంతటదే పళ్ళెం దాకా వచ్చేసింది.

అప్పుడు నాంచారమ్మ కూతురు బుల్లెమ్మ, గరిటెంత పిల్ల, నాయనమ్మ కొంగు విడిపించుకుని వచ్చి పళ్ళెం వెనక్కి లాగింది. "చదివి తినాలి తాతా. మా ఇంట్లో అంతే" అంది.

రాజు వడియాన్ని చూశాడు. అది అ కాదు. మంత్రి చెప్పింది అ ఒక్కటే. మీసాలు వాలిపోయాయి. ఆయనకి రాదర్రా. పసివాడప్పుడే సింహాసనం మీద కూర్చోబెట్టేశారు, రాజుగారి వేలు పట్టుకుని దిద్దించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. తనకి రానిది ఇంటింటా వస్తే నవ్విపోతారని ఆ దండోరా. పక్కన చూస్తే భటులు వడియాలు లెక్కబెట్టినట్టు ఇ, ఈ, ఉ, ఊ అంటున్నారు. వీధిలో తిరిగి తిరిగి, వినీ వినీ వాళ్ళకీ వచ్చేసింది మరి.

నాంచారమ్మకి జాలేసింది. కానీ గరిటె కింద పెట్టలేదు. "రాకపోవడం తప్పు కాదు మహారాజా. మా పిల్లలకి రానివ్వకపోవడం తప్పు. ముందు దండోరా వెనక్కి తీసుకోండి. ఆ తర్వాతే వడియం."

డప్పు ఊరంతా తిరిగి, ఎవరి పిల్లలకి వాళ్ళు నేర్పుకోవచ్చని చాటి వచ్చేసరికి వడియాలు మెత్తబడిపోయాయి. బుల్లెమ్మ పళ్ళెంలో బియ్యం పోసి రాజుగారి వేలు పట్టుకుని దిద్దించింది. ఆయన ఆ మెత్తబడ్డదాన్నే కళ్ళకద్దుకుని తిన్నాడు. అటకమీది పలకలన్నీ కిందికి దిగాయి. అత్తగారేమో, చదువు కూడు పెడుతుందా అన్నాను గానీ, పెట్టిందర్రా, కరకరలాడేది పెట్టింది అని ఊరంతా చెప్పుకుంది.

రేపు డాబా మీద మంచం వాలుస్తాను. ధృవా, కర్ర నీది. లాస్యా, నా పక్కన కూర్చుని నువ్వే అ పెడుదువుగాని. మీ మేడమ్ అడిగితే, కాకుల్ని తోలామని చెప్పండి. వద్దు, అలా చెప్పకండి. మా అమ్మమ్మ నేర్పింది అనే చెప్పండి.

ఇంక కథ కంచికి, మనం దుప్పట్లోకి.