గుబురయ్య ఎంచిన తీర్పరి

అనగనగా ఒక అడవి. వేసవి వచ్చిందంటే అక్కడ వాగులన్నీ ఎండిపోయేవి. ఒక్క మడుగులోనే నీళ్లు మిగిలేవి. కొండమీది జంతువులు "ముందు మేం తాగాలి" అనేవి. లోయలోని జంతువులు "కాదు, మేమే" అనేవి. కొట్టుకు చావడం కంటే ఆడి తేల్చుకోవడం మేలని వాళ్ల తాతలు ఒక ఏర్పాటు చేశారు. ఏటా వేసవి మొదట్లో రెండు జట్లూ కాలిబంతి ఆడాలి. గెలిచినవాళ్లు ముందు తాగాలి. ఓడినవాళ్లకు కూడా మిగల్చాలి.

ఆటన్నాక తప్పొప్పులు చెప్పేవాళ్లు ఉండాలి కదా పిల్లలూ! మనం రిఫరీ అంటామే, అడవిలో తీర్పరి అనేవారు. ఆ తీర్పరిని ఎంచే పని ముసలి ఎలుగుబంటి గుబురయ్యది.

ఎవరిని పడితే వాళ్లను ఎంచడానికి లేదు. తీర్పరి కావాలంటే ముందు పిల్లల ఆటల్లో ఈల ఊదాలి. అక్కడ నెగ్గుకొస్తే మందల మధ్య జరిగే చిన్న ఆటలు. ఆయాసపడకుండా కొండెక్కి దిగి చూపించాలి. ముళ్లపంది ముళ్లమ్మ పొదలో కూర్చుని వాళ్ల ప్రతి తీర్పునూ గమనించేది. ఆటయ్యాక "ఇక్కడ తప్పావు, అక్కడ బాగా చూశావు" అని మొహం మీదే చెప్పేది. అన్నిట్లో నిలిచినవాళ్లలో, ఏ జట్టుకూ చెందనివాళ్లలో, అందరికంటే మేలైనవాళ్లను పెద్ద ఆటకు పంపాలి. అదీ కట్టుబాటు.

ఆ ఏడు చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు వెదురుపొదల్లో ఉండే జింక చినుకు. బంతి వెంటే పరిగెత్తేది, ఎవరెంత అరిచినా చూసిందే చెప్పేది. రెండో వాడు నెమలి వన్నెలయ్య. ఈల భలే ఊదేవాడు గానీ, ఊదే ముందు ఎవరికి కోపం వస్తుందోనని నాలుగు దిక్కులూ చూసేవాడు.

ఎవరు మేలో గుబురయ్యకు తెలుసు. కానీ ఒకరోజు కొండ జట్టు నాయకుడు, అడవిపంది కోరలయ్య వచ్చాడు.

"మామా, ఆ చినుకు మాత్రం వద్దు. పోయినసారి మందల ఆటలో నన్ను మధ్యలోనే బయటికి గెంటింది" అన్నాడు.

"నువ్వు కుమ్మావు గనక గెంటింది కదరా!"

"అదంతా నాకు తెలీదు. చినుకే వస్తే, వచ్చే ఏడు తీర్పరిని ఎంచడానికి నువ్వుండవు. మావాళ్లు ఉండనివ్వరు."

గుబురయ్య గుండెలో రాయి పడింది.

ఆ తర్వాత లోయ జట్టు నాయకుడు, అడవిదున్న బండన్న వచ్చాడు. "మామా, చినుకు నా గోలు చెల్లదంది. మాకు వన్నెలయ్య చాలు. మర్యాద తెలిసినవాడు" అన్నాడు.

గుబురయ్యకు ప్రాణం తేలికపడింది. రెండు జట్లూ ఒకే మాట అంటుంటే తనకెందుకు గొడవ?

చివరికి ముళ్లమ్మ వచ్చింది. "అన్నా, చినుకునే పంపుతున్నావా?" అని అడిగింది.

"ఇద్దరు నాయకులకూ నెమలే నచ్చాడమ్మా."

"ఇద్దరికీ నచ్చాడంటే ఇద్దరికీ భయపడతాడని! నీకు ఆ మాత్రం తెలీదా?"

"ముసలివాణ్ణి. ఈ వయసులో అందరితో పగ పెట్టుకోలేను" అన్నాడు గుబురయ్య. వన్నెలయ్య పేరే చాటించాడు.

చినుకు వచ్చి అడిగింది. "నాలో తప్పేముంది తాతా?"

"ఏం లేదమ్మా."

"మరెందుకు?"

గుబురయ్య చెట్టు కేసి చూస్తూ కూర్చున్నాడు.

ఆట మొదలైంది. లోయ జట్టులో దూది అనే కుందేలు ఆడుతోంది. ఉరుకులో దాన్ని మించినవాళ్లు లేరు. కోరలయ్య దాన్ని భుజంతో తోశాడు. వన్నెలయ్య ఈల ముక్కుదాకా తెచ్చాడు, ఆ కోరలు చూసి దించేశాడు. అది చూసి బండన్న కొండ జట్టులోని ఒక కోతిని తన్నాడు. వన్నెలయ్య తోక సవరించుకున్నాడు. ఇక అడ్డేముంది? దూది మళ్లీ బంతి అందుకోగానే కోరలయ్య ఉన్న ఊపంతా పెట్టి గుద్దాడు.

పుల్ల విరిగినట్టు చప్పుడైంది. దూది లేవలేదు.

అప్పుడు ఊదాడు వన్నెలయ్య, ఊపిరంతా పెట్టి ఊదాడు. ఒక్కరూ ఆగలేదు. దున్నలు పందుల మీద పడ్డాయి. పందులు కుందేళ్ల మీద పడ్డాయి. కుమ్ముకుంటూ, దొర్లుకుంటూ అందరూ పక్కనే ఉన్న మడుగులోకి దిగారు. వన్నెలయ్య ఎగిరి చెట్టెక్కాడు. కాసేపట్లో మడుగంతా బురదైపోయింది.

ఆ వేసవి ఎలా గడిచిందో ఏం చెప్పమంటారు! బలమున్నవాళ్లు ఉన్న నీళ్లు తాగారు. లేనివాళ్లు బురద నాకారు. వాన చుక్క పడేలోపు ఎన్నో కూనలు కన్నుమూశాయి. దూది కాలీడ్చుకుంటూ కొన్నాళ్లు బతికింది. పరిగెత్తలేని కుందేలును నక్క ఎన్నాళ్లు వదులుతుంది?

దూది తల్లి గుబురయ్య ఎదురైతే పక్కకు తప్పుకుని పోయేది. అదే ఆయన్ను కోసేసింది.

ఒకనాడు ఆయన వెదురుపొదల దగ్గరికి వెళ్లాడు. "తల్లీ, వచ్చే ఏడు నువ్వే తీర్పరివి. ఎవరేమన్నా సరే, నన్ను తీసేసినా సరే" అన్నాడు.

"ఈల ఊదమంటే ఊదుతాను తాతా. కానీ ఈల మోగితే అది న్యాయమేనన్న నమ్మకం ఉండేది, అందుకే ఆగేవారు. అదిప్పుడు ఏది?" అంది చినుకు.

మరుసటి వేసవి వచ్చింది. ఆట రోజున చినుకు మైదానంలో నిలబడింది. పక్కన గుబురయ్య నిలబడ్డాడు. ఎండ నడినెత్తికొచ్చినా ఏ జట్టూ రాలేదు. మడుగు వైపు నుంచి మాత్రం కేకలు, కొమ్ముల చప్పుడు వినిపించాయి. గుబురయ్య రెండు చేతులతో చెవులు మూసుకుని అక్కడే కూలబడ్డాడు.

నీతి: న్యాయం చెప్పే చోట అందరి మెప్పూ కోరేవాణ్ణి నిలబెడితే, ఆ తప్పుకు మూల్యం చెల్లించేది బలం లేనివాళ్లే.