బెల్లం పాకం కొప్పు

అనగనగా, దువ్వెనలకు తీరిక దొరకని కాలంలో, కుంతలపురి అనే రాజ్యం ఉండేది. దాని రాణి మకరందమాల. ఆవిడ కొప్పు ఎంత ఎత్తంటే, దానిపై వాలిన పిచ్చుకకు కింద రాణిగారు ఉన్నారని తెలిసేదే కాదు!

రాణిగారిని చూసి అంతఃపురమంతా అదే వరస. ఒకావిడ కొప్పులో తెరచాప పడవ. ఇంకొకావిడ కొప్పులో పంజరం, చిలకతో సహా. మరొకావిడ నెత్తిన ఏకంగా కోట, బురుజులూ జెండాలూ! ఇవన్నీ జారకుండా సవరాలు చుట్టి, సూదులు గుచ్చి, పైన బెల్లం పాకం పూసి ఆరబెట్టేవారు.

రాణిగారి సభకు ఒక కట్టడి ఉంది. గుమ్మానికి కట్టిన పూలతోరణం కొప్పుకు తగిలితేనే లోపలికి అడుగు.

చెంగల్వ అనే అమ్మాయికి ఆ సభలో పాడాలని ప్రాణం. గొంతు తేనె. జుట్టు మాత్రం, ఏం చెప్పమంటారు, ముడి వేస్తే ఉసిరికాయంత!

మొదటిసారి వెళ్తే ద్వారపాలిక బంగారి నవ్వింది. "ఏమే పిల్లా, కొప్పు ఇంట్లో మరిచిపోయి వచ్చావా?"

రెండోసారి జాలిపడింది. "పోనీ, లోపల గడ్డి కుక్కుకుని రావే. ఎవరు విప్పి చూస్తారు?"

"అప్పుడు లోపలికి వెళ్ళేది గడ్డివాము కదక్కా, నేను కాదుగా!"

మూడోసారి ఉగాదినాడు వెళ్ళింది. "ఇంక రాకే తల్లీ, నాకు మాటొస్తుంది" అని గుమ్మం బయటే ఆపేసింది బంగారి. చెంగల్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో రాణిగారు పరివారంతో బయటికి వచ్చారు. ఉగాదికి పట్టపుటేనుగుకు రాణి స్వయంగా బొట్టు పెట్టడం అక్కడి ఆనవాయితీ. రాణిగారు చెయ్యి చాచారు. ఏనుగు తొండం చాచింది. బొట్టు కోసం కాదు, బెల్లం కోసం! కొప్పును చుట్టేసి లాగసాగింది.

"అమ్మో! తల! నా తల!"

పడవావిడ పరుగెత్తబోయి, పడవ ఒరుగుతుందని ఆగిపోయింది. పంజరం ఆవిడ వంగబోతే చిలక గోల పెట్టింది. కోటావిడ రెండు చేతులూ కోటను పట్టుకోవడానికే చాలలేదు.

చెంగల్వ మాత్రం చటుక్కున తొండం కిందికి దూరింది. "సవరం విప్పేస్తున్నా, కోప్పడకండి అమ్మగారూ!" అంటూ సూదులన్నీ లాగి పారేసింది. కొప్పు ఏనుగుకు దక్కింది. తల రాణిగారికి దక్కింది.

అందరూ నోళ్ళు తెరిచారు. రాణిగారి సొంత జుట్టు చంటిపిల్లాడి పిలకంత! ఆవిడ తల తడుముకున్నారు. మెడ అటు తిప్పారు, ఇటు తిప్పారు. పకపకా నవ్వేశారు.

"అబ్బ, ఎన్నేళ్ళయిందే మెడ తిప్పి! ఏం కావాలో కోరుకో."

"మీ సభలో ఒక్క పాట, అమ్మగారూ."

"బంగారీ! ఆ తోరణం తెంపి ఈ పిల్ల మెడలో వెయ్యి!"

చెంగల్వ తలెత్తుకుని లోపలికి నడిచింది, గొంతెత్తి పాడింది. ఆ పాటకు ఒళ్ళు మరిచి ఆడవాళ్ళంతా తలలూపారు. ఊపిన కొద్దీ పడవ మునిగింది, కోట కూలింది, చిలక ఎగిరిపోయింది. ఏరుకుందామని ఒక్కరూ వంగలేదు!

పిల్లలూ, అరువు తెచ్చుకున్న ఎత్తు ఆపదలో అక్కరకు రాదు. ఉన్నదానితో నిజంగా నిలిచినవారే చివరికి అందరికంటే ఎత్తుగా కనిపిస్తారు.