బయమ్మ పట్టిన తాడు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త పోలమ్మ. ఆమె తన తల్లి దగ్గర విన్నది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను, నా మాట ఒక్కటీ కలపలేదు.

నల్లమలలో ఈదన్న అని తేనె తీసే పెద్దాయన ఉండేవాడు. ఆ పని నేర్వాలంటే ఎవరైనా ఆయన దగ్గరికే పోవాలి. బయమ్మ అనే పిల్ల మూడేళ్లు ఆయన వెంట తిరిగింది. ఏ ఆకు పొగకు ఈగ లేస్తుందో, పట్టులో ఎంత కొయ్యాలో, ఈగకు ఎంత వదలాలో అన్నీ నేర్చింది. పెద్ద పట్లు వేలాడే కొండచరియ మాత్రం ఒక్కసారీ దిగలేదు.

ఎందుకంటే మా వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. చరియ దిగేవాడి తాడు పైన బావమరిదే పట్టాలి. తోబుట్టువు బొట్టు చెరిగిపోవాలని ఎవడూ కోరుకోడు గదా, అందుకు. సొంత అన్నదమ్ముల్ని కూడా నమ్మరు.

మరి ఆడపిల్లకు బావమరిది ఎక్కణ్ణించి వస్తాడు?

ఈదన్న తాడు ఇరవై ఏళ్లుగా పట్టేది ఆయన బావమరిది అంకన్న. నోటి దురుసు మనిషి. "ఏమే బయమ్మా, నీకో పెళ్లాన్ని చూడమంటావా? దాని తమ్ముడొచ్చి పడతాడు నీ తాడు!" అని గూడెమంతా వినేలా నవ్వేవాడు.

ఒక పొద్దున బయమ్మ పోయి ఈదన్న ముందు కూలబడింది.

"తాతా, ఇంక నేను రాను. నా తాడు పట్టేవాళ్లు లేరు. నేర్చినదంతా దేనికి?"

ఈదన్న లేచాడు. తాడు దించి, మూర మూరా వేళ్లతో తడిమి చూశాడు. ఎక్కడా నార తెగలేదు. ఇంట్లోకి పోయి భార్యతో ఏదో మాట్లాడి వచ్చాడు.

"పద" అన్నాడు.

అంకన్నా, ఇంకో నలుగురూ వెంట పోయారు. చరియ మీద ఈదన్న తాడును చెట్టుకు ఒక చుట్టు తిప్పి, ఒక కొస తన నడుముకు కట్టుకున్నాడు. రెండో కొస అంకన్న చెయ్యి చాపుతుంటే బయమ్మ చేతిలో పెట్టాడు.

అంకన్న అదిరిపడ్డాడు. "బావా, నేనుండగా దాని చేతికా! మా అక్క ఏం కావాలి?"

"మీ అక్కకు చెప్పే వచ్చాను" అని ఈదన్న దిగిపోయాడు.

కొంతసేపు బాగానే ఉంది. ఉన్నట్టుండి గాలి తిరిగింది. పొగ పక్కకు పోయింది. ఈగలన్నీ ఒక్కసారి పైకి లేచాయి.

అంకన్నా, మిగతావాళ్లూ పొదల్లో దూరారు. "ముఖం కప్పుకోవే!" అని అంకన్న అరిచాడు.

ముఖం కప్పాలంటే చేతులు ఖాళీ ఉండాలి. బయమ్మ చేతులు తియ్యలేదు.

కింద నించి తాడు రెండుసార్లు కదిలింది. లాగమని. అప్పటికి ఆమెకు ఒక కన్ను మూసుకుపోయింది. రెండో కంటితో తాడు చూసుకుంటూ, మూర మూరా లాగింది.

ఈదన్న తల చరియ అంచున కనబడేసరికి పొదల్లో అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. అంకన్న నేల మీద చతికిలబడి, "అక్కా, బతికావే" అని తలపాగాతో ముఖం తుడుచుకున్నాడు.

ఈదన్న బయమ్మ ముందు కూర్చుని, ఆమె ముఖంలో దిగిన ఈగల కొండ్లను గోటితో ఒక్కొక్కటే గీకి తీశాడు.

అంకన్నకు నోరు ఊరుకోలేదు. "అంతా బాగానే ఉంది బావా. దానికి మాత్రం బావమరిది లేడు గదా."

ఈదన్న తన నడుముకున్న కొస విప్పి ఆమె ఒళ్లో వేశాడు.

"కన్ను తెరుచుకున్నాక దిగు. పైన నేనుంటా."

బయమ్మ ఉబ్బిన ముఖంతోనే నవ్వింది.

జరిగింది ఇది. పిల్లల కోసమని ఈ కథ అచ్చేసిన పుస్తకంలో మాత్రం తాడు పట్టింది అంకన్న అని ఉంది. చరియ మీద మీసాలాయన బొమ్మ వేశారు. ఆ బొమ్మ వేసినాయన మా గూడెం వచ్చి, మా మేనత్త పోసిన అంబలి తాగి, కథంతా విని పోయినవాడే. పదేళ్లయింది, నేను మరవలేదు. నాకు వచ్చింది నాలుగక్షరాలే, కానీ మీసం గుర్తుపట్టడానికి అవి అక్కర్లేదు.

ఆ పుస్తకం మీ ఇంట్లో ఉంటే, ఆ మీసం చెరిపెయ్యండి. ఒక కన్ను మూసుకుపోయినట్టు దిద్దండి. కింద బయమ్మ అని రాయండి.