ఎదురొచ్చిన పిల్లి

సముద్రాల నీళ్లు ఇంకా తియ్యగా ఉన్న రోజుల్లో ఒక రాజుగారు ఉండేవారట. ఆయనకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మణిధరుడికి మేనమామ కూతురు హేమలేఖతో పెళ్లి కుదిరింది. పెళ్లి మూడు రోజుల్లో ఉందనగా కరాళకేతు అనే మాంత్రికుడు ఆమెను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు.

వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. కానీ వాడి తోటలో చిలుకలు మూడు వందలు! అసలుది ఏదో ఒక్క పిల్లికే తెలుసు. ఆ పిల్లి వాడి తన్నులు తినలేక ఓడెక్కి పారిపోయి వచ్చి, మన రాజుగారి ధాన్యపు కొట్టులో దాక్కుంది. తెల్లగా ఉంటుంది, నుదుట నల్లచుక్క. అందుకని చుక్కమ్మ అన్నారు.

పెద్దన్న వల వేశాడు. చుక్కమ్మ బస్తాల వెనక్కి దూరింది. రెండో అన్న ఎలాగో పట్టి బంగారు పంజరంలో పెట్టాడు. మూడు రోజులు అది మంచినీళ్లు కూడా ముట్టలేదు. చిన్నవాడు వచ్చి పంజరం తలుపు తీసేశాడు.

"బాబూ, దాని వంక చూడకు," అంది వంటశాల నరసవ్వ. "చూస్తే మీద పడతావనుకుంటుంది. వీపు తిప్పి కూర్చో. నీ కబుర్లేవో నువ్వు చెప్పుకో."

రోజూ మణిధరుడు పెరుగన్నంలో ఎండుచేప నలిపి పెట్టి, వీపు తిప్పి కూర్చుని, హేమలేఖ గురించి చెప్పుకున్నాడు. మొదటి వారం గిన్నె పెట్టేటప్పుడు బస్తాల సందులో రెండు కళ్లు కనిపించాయి. రెండో వారం మీసాలు కనిపించాయి. మూడో వారం మాట వినిపించింది.

"అబ్బాయ్, నీకు వేరే కబుర్లే లేవా? ఆ పిల్ల జడ ఎంత పొడుగో నాకూ కంఠతా వచ్చేసింది."

మణిధరుడు వెనక్కి తిరగబోయి ఆగాడు. "మరి నా దగ్గరికి రావచ్చుగా?"

"నన్ను ముట్టుకున్న ప్రతి చెయ్యీ కొట్టిందే. మనసు కుదిరిన రోజు నేనే వస్తాను. నీ భుజమెక్కి ఏడు సముద్రాలూ దాటతాను. నువ్వు మాత్రం పిలవకు."

అతను పిలవలేదు. ఈలోగా ప్రయాణానికి ముహూర్తం వచ్చేసింది. భేరీలు మోగుతుంటే మణిధరుడు సింహద్వారం దాటబోయాడు. అప్పుడే కొట్టులోంచి చుక్కమ్మ బయటికొచ్చింది. పొట్ట నేలకి రాసుకుంటూ, భేరీ దెబ్బ దెబ్బకీ వణుకుతూ, అంతమంది కాళ్ల మధ్య నుంచి తిన్నగా అతనివైపు వచ్చింది.

"అయ్యయ్యో, పిల్లి ఎదురొచ్చింది! ఆగండి బాబూ!" అని అరిచారు పురోహితులవారు.

మణిధరుడు వేసిన అడుగు చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆలోచించి కాదు పిల్లలూ. చిన్నప్పటి అలవాటు, కాలు దానంతటదే వెనక్కి పోయింది. అందరూ చేసినట్టే లోపలికి వెళ్లి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగాడు. చెంబు దించుతుండగా తెలిసింది, వచ్చిందెవరో, ఎందుకొచ్చిందో. చెంబు వదిలేసి పరుగెత్తాడు.

చుక్కమ్మ కొట్టు దూలం మీద ఉంది.

"తప్పయిపోయింది చుక్కమ్మా. దిగు."

"ఎదురొచ్చానన్నారు. నిజమే, నీకోసమే ఎదురొచ్చాను," అంది పిల్లి.

అతను తల దించుకుని, వీపు తిప్పి కూర్చున్నాడు.

"ఆ పిల్ల అక్కడ నాకు దొంగచాటుగా పాలు పోసేది. అందుకని చెబుతున్నా. నా గొంతు వింటే ఏ చిలుక వణుకుతుందో అదే వాడి ప్రాణం. ఇక వెళ్లిరా."

మణిధరుడు ఒక్కడే ఏడు సముద్రాలూ దాటాడు. తోటలో పొద చాటున నక్కి "మ్యావ్" అన్నాడు. చిలుకలు నవ్వాయి. మళ్లీ అన్నాడు. అన్నీ కలిసి వెక్కిరించాయి. మూడోసారి అనబోతుంటే దూలం మీది చుక్కమ్మ గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది. అప్పుడు వచ్చిన కూత అచ్చం దానిదే! ఒక చిలుక గజగజ వణికింది. చటుక్కున పట్టుకుని దాని మెడ విరిచాడు. కోటలో కరాళకేతు మొదలు నరికిన తాడిచెట్టులా కూలిపోయాడు.

హేమలేఖను తెచ్చుకున్నాడు. అయిదు రోజుల పెళ్లి జరిగింది. రాజయ్యాడు. చుక్కమ్మ పిల్లలు అతని ఒళ్లో పడుకునేవి, ఒకటైతే కిరీటంలోనే. చుక్కమ్మ మాత్రం దగ్గరికి రాలేదు.

"రాజ్యమంతా మీ మాట వింటుంది. ఒక్క పిల్లి కోసం ఇంత బెంగేమిటండీ?" అంది రాణి.

"రాజ్యం భయపడి వింటుంది హేమా. అది అంత భయాన్నీ మోసుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ఒక్కసారే వచ్చింది."

అరవై ఏళ్లు చల్లగా ఏలారు పిల్లలూ. రాజుగారు పొద్దున్నే గిన్నె పెట్టి పక్కకి జరిగేవారు. చుక్కమ్మ వచ్చి తిని, మీసాలు తుడుచుకుని, ఆయన వంక ఒకసారి చూసి వెళ్లిపోయేది.