రోగం చెప్పు, కథ చెప్పకు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. ఆ వాగులో ఒంటికాలి మీద నిలబడి వైద్యం చేసే కొంగ ఒకడుండేవాడు. పేరు ధవళయ్య.

మనుషుల్లో మంచి వైద్యుడికి హస్తవాసి ఉందంటాం చూడండి, ధవళయ్యకు ముక్కువాసి. ఎంత లోతున దిగిన ముల్లయినా రెప్పపాటులో లాగేసేవాడు. తెల్లారేసరికి ఒడ్డున జంతువులు బారులు తీరేవి. ఎవరు నోరు తెరిచినా ఆయనది ఒక్కటే మాట.

"రోగం చెప్పు, కథ చెప్పకు."

అంతమందిని చూడాలి మరి, ఆయన మాత్రం ఏం చేస్తాడు! ఆకులు నమిలి పసరు కట్టే పని ముసలి తాబేలు కూర్మయ్యది.

ఒకరోజు ముళ్లపంది సూరమ్మ కుంటుకుంటూ వచ్చింది. దుంపలు తవ్వుతుంటే కుడి ముంగాలి వేల్లో రాతిముక్క దిగబడింది. తవ్వితేనే దానికి తిండి. లేకపోతే పస్తే. ఆ బెంగ ఒకటి. ఇంకో బెంగ ఎవరితోనూ చెప్పుకోలేదు. వాళ్లాయన బతికున్నన్నాళ్లూ, చిన్న గీత పడినా సరే, "ఎలా ఉందే?" అని పొద్దుటా సాయంత్రమూ అడిగేవాడు. ఆయన పోయి రెండు వానాకాలాలైంది. ఆ ఒక్క మాట కోసం సూరమ్మ మొహం వాచిపోయింది.

"అయ్యగారూ, మొన్న దుంపలకని వెళ్లానా, మా ఆయన ఉన్నప్పుడైతే..." అని మొదలుపెట్టింది.

"రోగం చెప్పు, కథ చెప్పకు," అన్నాడు ధవళయ్య. మాట పూర్తయ్యేలోగా రాయి బయటికొచ్చింది.

పది రోజులకు మళ్లీ వచ్చింది. "అయ్యగారూ, వేలు వంగడం లేదు."

"పుండు మానుతోంది. తర్వాత ఎవరు?"

ఇంకో పది రోజులకు మూడోసారి వచ్చింది. ఈసారి వరసలో ఉన్నంతసేపూ ఒక్క ప్రశ్నే నెమరేసుకుంది. "అయ్యగారూ, నేను మళ్లీ తవ్వగలనా?"

ఆ వేలు ఇక వంగదని ధవళయ్యకు తెలుసు. చెబితే ఏడుస్తుంది, ఏడిస్తే పొద్దుపోతుంది అనుకున్నాడు. "మానిపోయిందిగా! తర్వాత ఎవరు?"

సూరమ్మ ఒడ్డు చివరికి పోయి కూర్చుంది. ఖాళీ బొరియకు పోవాలనిపించలేదు. అక్కడ మాత్రం అడిగేదెవరు?

కూర్మయ్య అది చూశాడు. ముందర పసరాకుల కుప్ప ఉంది. వదిలేసి పోతే ధవళయ్య కేకలేస్తాడు. అయినా వదిలేశాడు. మెల్లగా, తనకు వచ్చిన నడకతోనే, సూరమ్మ పక్కకు చేరాడు.

"జరుగు తాతా, ముళ్లు గుచ్చుకుంటాయి."

"నా డిప్పకేం గుచ్చుకుంటాయమ్మా? ఎలా ఉంది కాలు? మొదట్నుంచీ చెప్పు."

సూరమ్మ చెప్పింది. రాయి గురించి చెప్పింది, వాళ్లాయన గురించి చెప్పింది, రెండు రోజులుగా ఏమీ తినలేదనీ చెప్పింది. కూర్మయ్య మధ్యలో ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. అంతా విన్నాక అన్నాడు.

"నీకు అబద్ధం చెప్పను తల్లీ. లోపల నరం తెగింది. ఆ వేలు ఇక వంగదు."

సూరమ్మ భోరుమంది. ఏడ్చినంతసేపూ తాబేలు కదల్లేదు.

"ఎడమకాలు ఉందిగా," అన్నాడు చివరికి. "కొండరాళ్ల జోలికి పోకు. వాగొడ్డున మెత్తటి నేలలో తవ్వు. ఇవాళ ఒక్క దుంప చాలు. నాలుగు రోజులాగి రా. ఎలా ఉందో నాకు చెప్పాలి."

చెప్పాలి అన్నాడు! సూరమ్మ ఆ మాటను బొరియదాకా మోసుకుపోయింది.

నాలుగో రోజు ఎడమకాలి నిండా మట్టితో వచ్చింది. వరసలో నిలబడలేదు. తిన్నగా పోయి, కూర్మయ్య ముందు ఓ చిన్న దుంప పెట్టింది.

ధవళయ్యకు మనసు చివుక్కుమంది. "రాయి తీసింది నేను. ఆ వేలిని కూర్మయ్య బాగుచేయలేదే! దుంప ఆయనకా?"

"మీ ముక్కువాసి గొప్పదే అయ్యగారూ, కాదనను. మీ దగ్గర నా కాలికి చోటు దొరికింది. తాత దగ్గర నాకు దొరికింది."

ధవళయ్య వరసలో ఉన్న కాళ్లకేసి చూశాడు. ఇన్నేళ్లలో ఎన్ని కాళ్లు బాగుచేశాడు! వాటిలో ఒక్కటైనా తిరిగొచ్చి "బాగున్నానయ్యా" అనలేదు. ఆ కాళ్లు తర్వాత ఎక్కడెక్కడ నడిచాయో ఆయనకు తెలియదు. ఇప్పుడు తెలుసుకోవాలనిపించింది. ఎవరిని అడగాలి?

వరసలో తర్వాతది ఓ ముసలి కోతి. "అయ్యా, నిన్న మా మనవరాలికి రేగుపళ్లు కోద్దామని..."

"రోగం..." అనబోయి ధవళయ్య ఆగాడు. ఎప్పుడూ పైకెత్తి ఉంచే రెండో కాలిని నీళ్లలోకి దించాడు. రెండు కాళ్ల మీదా నిలబడి, కోతి మొహంలోకి చూశాడు.

"ఆఁ, కోద్దామని వెళితే ఏమైందమ్మా?"

నీతి: గాయాన్ని చూస్తే సరిపోదు, గాయపడినవారినీ చూడాలి; నయం చేయలేని చోట కూడా వినడం చేతనవుతుంది.