గట్టి టైర్లు, ఉన్ని మేజోళ్లు

ఆ కొండల్లోని మఠానికి ఉన్నది ఒకటే లారీ. దాన్ని నడిపేది రిగ్‌జిన్ అనే భిక్షువు. కనుమ దారి మంచుతో మూతపడేలోగా పైఊరికి పిండి, కిరోసిన్ చేర్చాలి. లేకపోతే నాలుగు నెలలు ఆ ఊరికి పస్తే. పాత టైర్లేమో అరిగి గుండైపోయాయి. కొత్తవి ఏవి కొనాలో తేలక రిగ్‌జిన్ వారం రోజులుగా సతమతమవుతున్నాడు.

నిరుడు కొండ నీడలో, నీరు గడ్డకట్టిన చోట, లారీ జారింది. పక్కన కూర్చున్న తోటి భిక్షువు పల్దన్ కాలు విరిగింది. పల్దన్ ఇప్పటికీ కర్ర పట్టుకునే నడుస్తాడు. ఆ రోజు నుంచి రిగ్‌జిన్ దుప్పటి లేకుండా పడుకుంటున్నాడు, ఎదురుపడిన ప్రతివాణ్ణీ కసురుకుంటున్నాడు. పల్దన్ గదిలోకి మాత్రం ఒక్కసారీ తొంగి చూడలేదు. చూసే ధైర్యం లేదు.

చివరికి గురువు ఛోఫెల్ దగ్గరికి వెళ్లాడు.

"దారిలో మంచుంది, ఐసుంది, బురదుంది. ఒక్కోదానికి ఒక్కో రకం టైరంటాడు షాపువాడు. నేనైతే అన్నిటికంటే గట్టివి తెద్దామనుకుంటున్నాను గురువుగారూ. పిడికిలంత గట్లున్నాయి వాటికి. సుత్తితో కొట్టినా చెక్కుచెదరవు."

దారిలో సుత్తితో కొట్టేదెవరని గురువు అడగలేదు.

"బురదలో దిగబడితే ఏం చేస్తావు?"

"దిగి తవ్వుతాను."

"మంచులో కూరుకుపోతే?"

"అక్కడా తవ్వడమే."

"ఐసు మీద?"

అక్కడ తవ్వేంత వ్యవధి ఉండదని రిగ్‌జిన్‌కి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"టీకి నీళ్లు తెద్దాం, రా," అని గురువు బకెట్ అందుకున్నాడు.

ఊట చుట్టూ పొంగిన నీరు గడ్డకట్టి ఉంది. గురువు అంగీలోంచి ముతక ఉన్ని మేజోళ్లు తీసి, బూట్ల మీదుగా తొడుక్కున్నాడు. ఇంటి వసారాలో తిరిగినట్టు నడిచి వెళ్లాడు. రిగ్‌జిన్ తన గట్టి తోలు అడుగుల బూట్లు టకటకలాడించుకుంటూ రెండడుగులు వేశాడు. మూడో అడుగుకి వెల్లకిలా పడ్డాడు.

"ఇవి గట్టి బూట్లే గురువుగారూ!" అని అరిచాడు. కోపమో ఏడుపో అతనికే తెలియలేదు.

"చూస్తూనే ఉన్నాను," అన్నాడు గురువు.

నీళ్లు ముంచుకుని వచ్చి, అతని పక్కనే ఐసు మీద చతికిలబడ్డాడు. తన మేజోళ్లలో ఒకటి విప్పి శిష్యుడి బూటుకి తొడిగాడు. చెరో మేజోడుతో, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, ఇద్దరూ బయటికి నడిచారు. బకెట్‌లో నీళ్లు సగమే మిగిలాయి.

మర్నాడు టైర్ల షాపులో రిగ్‌జిన్ ఒక్కో టైరునీ బొటనవేలితో నొక్కి చూశాడు. సన్నని కోతలున్న మెత్తని రబ్బరు దగ్గర ఆగాడు.

"అవి ఐసుకి పనికొచ్చేవే గానీ, తొందరగా అరిగిపోతాయి స్వామీ," అన్నాడు షాపువాడు.

"అరిగిపోనీ."

సాయంత్రం లారీని మఠం ముందు నిలిపి, రిగ్‌జిన్ తిన్నగా పల్దన్ గది దగ్గరికి వెళ్లాడు. గడప దగ్గర బూట్లు విప్పాడు.

"టైర్లు దొరికాయా?" అన్నాడు పల్దన్, రోజూ వచ్చేవాణ్ణి పలకరించినట్టు.

"దొరికాయి. మెత్తనివి."

పల్దన్ తన కర్ర పక్కకి జరిపి, పరుపు మీద చోటిచ్చాడు.